నక్క ఒప్పుకున్న దూరం

నేను తీసిన వేల ఫొటోల్లో ఫ్రేము కట్టించుకుంది ఒక్కటే. రాలిన రేగుపండును ముందరి పళ్ళతో సుతారంగా పట్టుకున్న నక్క. మూతి మీసాల మీద మంచు తడి. ఇంటికొచ్చినవాళ్ళు ఏ అడవిలో తీశావని అడుగుతారు. మా చిల్లకల్లు పొలిమేరలో, పత్తిచేలు దాటి సర్కారు తుమ్మ మొదలయ్యే చోట, హైవే మీది లారీల మోత వినిపిస్తుండగా తీశానంటే నమ్మలేరు.

పులి కోసం నల్లమల వెళ్ళినవాణ్ణే. అక్కడి నాగార్జునసాగర్–శ్రీశైలం టైగర్ రిజర్వు దేశంలోకెల్లా పెద్దది. కానీ జీపు ఆగిన చోటి నుంచే తీయాలి, దిగకూడదు. మా ఊళ్ళో నడిచి వెళ్ళొచ్చు, రోజూ వెళ్ళొచ్చు, ఒకే జంతువును ఏళ్ళ తరబడి చూడొచ్చు. ఈ పని నాకు పట్టుబడింది ఇక్కడే.

మొదట్లో నక్క కనబడితే వెంటపడేవాణ్ణి. ఏడాది పొడవునా దాని వీపే దొరికింది. ఒకరోజు గొర్రెలు తోలుకెళుతున్న పెద్దాయన ఆగి, "అబ్బాయ్, గాలి నీ వీపు మీంచి పోతంటే నీకంటే ముందు నీ వాసన పోదా?" అన్నాడు. ఆనాటి నుంచి గుప్పెడు దుమ్ము వదిలి చూసుకుని, గాలి నా మొహానికి కొట్టేలా చుట్టు తిరిగి వెళుతున్నాను. దాక్కోవడానికి కాదు. వాసన తగిలితే నక్క ఆగదు, పోతుంది. కంటితో చూస్తే ఆగుతుంది, ఆలోచిస్తుంది.

ఆ ఆలోచించుకునే వ్యవధి దానికి ఇవ్వడమే నా పద్ధతి. మొదటి 3 వారాలు కెమెరా సంచిలోంచి తీయను. అదే గట్టు, అదే చొక్కా, అదే వేళ. రెండు చెవులూ నిక్కబొడుచుకుని నా వైపే ఉంటే ఒక్క అంగుళం కూడా ముందుకు జరగను. ఒక చెవి పక్కకు తిరిగి, తల వాల్చి నేల వాసన చూసిందంటే, నన్ను ఒప్పుకుందన్నమాట. రేగుపండు ఫొటో నాటికి అది ఒప్పుకున్న దూరం 40 అంగలు.

జనవరిలో పొద్దు పొడిచేసరికి ఆరూ ముప్పావు అవుతుంది. అంతకుముందే వెళ్ళి బోర్లా పడుకుని, ఊక నింపిన సంచి మీద లెన్సు ఆనిస్తాను. నిలబడి తీస్తే నక్క వీపు, పడుకుని తీస్తే దాని కళ్ళు. నాది 150–600 జూమ్. 600 దగ్గర వెలుతురు తక్కువ పడుతుంది కాబట్టి రేగుపండు ఫొటోకు ఐఎస్ఓ 3200 దాకా పెంచి, సెకనులో 500వ వంతుతో నొక్కాను. ఫొటోలో కాస్త గరుకు వచ్చింది. ఉండనివ్వండి, ఆ వేళ వెలుతురే అంత.

మనిషి దగ్గర లేకుండానూ ఫొటో తీయొచ్చు. 1920లలో ఎఫ్. డబ్ల్యూ. ఛాంపియన్ అనే అటవీ అధికారి దారికడ్డంగా తీగ కట్టి, పులి కాలు తగలగానే ఫ్లాష్ వెలిగి ఫొటో పడేలా చేశాడు. ఈనాడు పులుల్ని లెక్కబెట్టే కెమెరాలకు అదే మూలం. ఆయనంటే నాకెంతో గౌరవం. నాకు మాత్రం, నేనున్నానని తెలిసీ జంతువు తన పని తాను చేసుకునే క్షణం కావాలి.

అందుకే కోడి వ్యర్థాలు ఎరగా వేయను. ఎలుకలు, పీతలు, రేగుపళ్ళు, అది తినేవన్నీ మా చేలల్లోనే ఉన్నాయి. పిల్లలున్న బొరియ జాడ తెలిసినా అటు పోను. అలికిడైతే తల్లి పిల్లల్ని ఒక్కొక్కటిగా నోట కరుచుకుని చోటు మారుస్తుంది, దారిలో ఊరకుక్కలుంటాయి. ఊరి పొలిమేర అంటానే గానీ, ఫొటో ఎక్కడ తీశానో ఎవరికీ కచ్చితంగా చెప్పను. నక్కకొమ్ము అదృష్టమని కొనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నక్కకు కొమ్మే ఉండదు. ఆ అబద్ధం కోసం ప్రాణం తీస్తారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరమని చెప్పినా వినరు.

నా నక్కకు ఎడమ చెవి కొస చీలి ఉంటుంది. మొన్న హైవే పక్కన ఒక నక్క చచ్చి పడుందని కబురొస్తే పరుగున వెళ్ళి, ముందు ఎడమ చెవే చూశాను. చీలిక లేదు. ఫారెస్టువాళ్ళకు ఫోన్ చేసి, వాళ్ళొచ్చేదాకా దాని పక్కనే కూర్చున్నాను.