వార్తల్లో పదం: ఎండ్ ఆఫ్ సపోర్ట్

ఒక సాఫ్ట్‌వేర్‌కు భద్రతా అప్‌డేట్లు ఇవ్వడాన్ని తయారీ సంస్థ ఆపేసే గడువే ‘ఎండ్ ఆఫ్ సపోర్ట్’. విండోస్ 10కు అది 2025 అక్టోబరు 14న వచ్చింది.

గడువు దాటినా యంత్రం మామూలుగానే పనిచేస్తుంది. చిక్కంతా అక్కడే. ఆపై బయటపడే లోపాలను సరిదిద్దే ప్యాచ్‌లు రావు. కొత్త వెర్షన్‌కు వచ్చిన ప్యాచ్‌ను విప్పిచూసి, పాతదాంట్లో అదే లోపాన్ని హ్యాకర్లు పసిగట్టే వీలూ ఉంది.

ఇంట్లో ఒక్క కంప్యూటరైతే కొత్త వెర్షన్‌కు మారడం ఒక పూట పని. ఊరూరా వేల యంత్రాలున్న సంస్థకు అది ఏళ్ల తరబడి సాగుతుంది. ఏటీఎం లోపల ఉండేదీ కంప్యూటరే. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న మద్దతు ఆగినా, ఆ తర్వాత కూడా మన దేశంలో ఏటీఎంలు దానిమీద నడిచాయి. చివరికి 2018 జూన్‌లో రిజర్వు బ్యాంకు గడువులు పెట్టింది: సెప్టెంబరుకు పావు వంతు, డిసెంబరుకు సగం, 2019 మార్చికి ముప్పావు, జూన్‌కు అన్నీ మారాలి. ఆ మార్పు తేలిక కాదు: నోట్లు అందించే డిస్పెన్సర్‌ను, కార్డు రీడర్‌ను, రసీదు ప్రింటర్‌ను నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్లు కొత్త వ్యవస్థకు సరిపడేవి కావాలి. పాత హార్డ్‌వేర్ మోయలేకపోతే దాన్నీ మార్చాలి.

అందుకే సంస్థలు ముందుగా ఏ యంత్రం ఎక్కడ, ఏ వెర్షన్‌తో ఉందో జాబితా రాస్తారు. వెంటనే మార్చలేనివాటిని మిగతా నెట్‌వర్క్ నుంచి వేరుచేస్తారు. డబ్బు కట్టి గడువు పొడిగించుకోవచ్చు, చౌకేమీ కాదు: విండోస్ 10కు సంస్థలు తొలి ఏడాది యంత్రానికి 61 డాలర్లు చెల్లించాలి. ఆ ధర ఏటా రెట్టింపవుతుంది, మూడేళ్లకు మించి దొరకదు.

ఫోన్లకూ ఇలాంటి గడువుంటుంది. అప్‌డేట్లు ఎన్నేళ్లు వస్తాయో కొనేముందే చూసుకోవచ్చు.