రాయబారము మైకునకా, మహారాజునకా?

క్రొత్త సంగీత నాటకము పండనప్పుడు బాణీలను నిందించుటకు ముందు, పాడువాడు ఎక్కడ నిలిచెనో, ఎవరివంక చూచెనో, తెర ఎప్పుడు లేచెనో విచారింపవలెను.

కురుసభ తీరియున్నది. సింహాసనములన్నియు వెనుక తెరకు ఆనించి వరుసగా వేయబడినవి. వానిపై ధృతరాష్ట్రుడు, భీష్మద్రోణులు, కర్ణదుర్యోధనులు ప్రేక్షకులకు అభిముఖులై కూర్చున్నారు. సంధి మాటలాడ వచ్చిన కృష్ణుడు సభకు నమస్కరించి, వెంటనే దానికి వీపు త్రిప్పి, రంగాగ్రమున నిలిపిన మైకు కడకు నడచివచ్చి, ప్రక్కనున్న హార్మోనియము వంక ఒక్క ఓరచూపు విసరి, శ్రుతి అందుకొని, పద్యమెత్తును. రాగము సాగినంతసేపును వెనుక దుర్యోధనుడు ఉత్తరీయము సవరించుకొనుచుండును. కర్ణుడు కిరీటము జారకుండ పట్టుకొనుచుండును. పద్యము ముగియును, చప్పట్లు మ్రోగును, 'వన్స్ మోర్' అని యొక కేక లేచును. కృష్ణుడు అదే పద్యమును మరల నెత్తును. తిరుపతి వేంకట కవుల పద్యములకు గాని, పాడిన కంఠమునకు గాని ఇందు లోపమేమియు లేదు. లోపమెల్ల ఒక్కటే: రాయబారము దుర్యోధనునకు గాక మైకునకు నడచినది.

పాత నాటకమైనచో ఈ లోపమును ప్రేక్షకుడు క్షమించును. ఏలయనగా కథ అతనికి తెలిసినదే, పద్యము కంఠస్థమైనదే, అతడు వచ్చినది గొంతు వినుటకే. కాని క్రొత్త కథతో, క్రొత్త పాటలతో తెర యెత్తు నాటకమునకు ఆ క్షమాభిక్ష లభింపదు. ఎవరు ఎవరితో పాడుచున్నారో, పాట ముగియునప్పటికి ఎవరి మనస్సు ఎటు తిరిగినదో కంటికి కనబడనిచో, ఎంత మధురమైన బాణీయైనను కథ నడుమ అడ్డుపడిన కచేరీగా మిగిలిపోవును. అట్టి నాటకము తొలి ప్రదర్శనమున తేలిపోయినప్పుడు సమాజమువారు మరునాడు కవిచేత నాలుగు పద్యములు కొట్టివేయింతురు, సంగీత దర్శకునిచేత రెండు వరుసలు మార్పింతురు, నాయకుని గొంతు చాలలేదని గొణుగుకొందురు. నటుల నిలుకడను, నడకను, దీపమును, తెరను విచారించువారు అరుదు. సంగీత నాటకమున మొదట దిద్దవలసినది రంగప్రయోగమనియు, పాటను దిద్దుట దాని తరువాతి పనియనియు ఈ వ్యాసకర్త అభిప్రాయము.

ఒక ఆసనము జరిపిన చాలును

ఆ కురుసభనే మరల చూతము. దుర్యోధనుని ఆసనమును వెనుక వరుసనుండి తొలగించి, రంగాగ్రమునకు ఒక మూలగా తెచ్చి, ప్రేక్షకులకు పార్శ్వముగా వేసి, కృష్ణుని దానికి ఎదుటి మూల, రంగము లోపలివైపున నిలిపినచో, పాడువాని ముఖము వినువానివైపును ప్రేక్షకులవైపును ఏకకాలమున తిరిగియుండును. మొదటి పద్యమును దూరమునుండి, రాజమర్యాదతో పాడనిండు. రెండవదానికి రెండడుగులు చేరువ కానిండు. మూడవదానిని ఆసనము ప్రక్కనే నిలిచి, దాదాపు చెవిలో చెప్పినట్లు తగ్గుస్థాయిలో ఎత్తుకొననిండు. అప్పుడు దుర్యోధనుడు ఉత్తరీయము సవరించుకొనుటకు వీలులేదు; అతడు వినక తప్పదు, వినుచు తిరస్కరింపక తప్పదు, ఆ తిరస్కారము ముఖమున కనబడక తప్పదు. ఇక అతడు లేచి నిలిచిన పిమ్మట కృష్ణుడు అతనిని విడిచి, మొట్టమొదటిసారిగా, ప్రేక్షకుల యెదుటికి వచ్చి చివరి పద్యమును పాడినచో, సంధి చెడినదని ఆ నడకయే చెప్పును. పద్యమున ఒక్క అక్షరము మారలేదు, రాగమున ఒక్క స్వరము మారలేదు. మారినవి ఒక ఆసనము, నాలుగడుగులు.

మైకు లేనిచో వినబడదు గదా యని సమాధానము చెప్పవచ్చును. ఒకనాడు అది నిజము. నేడు రంగముపై వ్రేలాడదీయు మైకులును, నటుని వస్త్రమున అమర్చు కాలర్ మైకులును పట్టణములందెల్ల అద్దెకు దొరకుచున్నవి. ఐనను అవి తగిలించుకొనిన నటులు సైతము నడుమ లేని మైకు ముందరకే నడచివచ్చి నిలుచుట చూచుచున్నాము. మైకు పోయినను దాని అలవాటు పోలేదు. ఈ అలవాటును మాన్పవలసినవాడు దర్శకుడు. అది రిహార్సలు మొదటి దినముననే మాన్పవలెను గాని ప్రదర్శనమునాటి సాయంకాలము కాదు.

భరతుడు పాటకు పని ఒప్పగించెను

ఈ ఆలోచన మనకు క్రొత్తది కాదు. నాట్యశాస్త్రమున భరతుడు నేపథ్యమునుండి రంగమునకు వచ్చు రెండు ద్వారముల నడుమ వాద్యబృందమునకు స్థానము నిర్ణయించెను. రంగమును కక్ష్యలుగా విభజించి, నటుడు ఒక చుట్టు తిరిగివచ్చినంత మాత్రమున స్థలము మారినట్లు గ్రహించు సంప్రదాయమును చెప్పెను. నాటకమున పాడదగిన ధ్రువలను ఐదు విధములుగా విభజించి, పాత్ర ప్రవేశించునప్పుడు ప్రావేశికిని, నిష్క్రమించునప్పుడు నైష్క్రామికిని, నడచుచున్న రసమును మార్చుటకు ఆక్షేపికిని, కలగిన మనస్సును తేర్చుటకు ప్రాసాదికిని, ఏర్పడిన ఖాళీని కప్పుటకు అంతరధ్రువను నియమించెను. అనగా ప్రతి పాటకును రంగముపై ఒక పని కలదు. పనిలేని పాటకు ఆ పట్టికలో చోటు లేదు. క్రొత్త సంగీత నాటకము వ్రాయువారు తమ పాటల నొక కాగితముపై వరుసగా వ్రాసికొని, ప్రతిదాని కెదురుగా ఈ ఐదింటిలో అది ఏ పని చేయుచున్నదో వ్రాయుటకు ప్రయత్నించినచో, ఎదుట ఏమియు వ్రాయలేని పాటలు రెండో మూడో తప్పక తేలును.

మన వీథి భాగవతులకు ఈ విద్య శాస్త్రము చదువకయే అబ్బినది. పాత్ర ప్రవేశించుటకు ముందు ఇద్దరు ఒక తెరను అడ్డముగా పట్టుకొందురు. దాని వెనుకనుండి మొదట గజ్జెల చప్పుడు, పిదప ప్రవేశదరువు. ఇరుప్రక్కల దివిటీలపై గుగ్గిలము చల్లగా భగ్గున మంట లేచును. ఆ వెలుగులో తెర దిగును. కూచిపూడి భామాకలాపమున సత్యభామ ముఖము చూపకముందే ఆమె జడ తెరపైనుండి వ్రేలాడును. సంగీతము, దీపము, తెర, ఆహార్యము, ఈ నాలుగును ఒక్క క్షణము కొరకు కుట్రపన్నినట్లు కూడుకొనుటచేతనే ఆ ప్రవేశములు తరతరములు నిలిచినవి. నేటి క్రొత్త నాటకమున నాయిక సాధారణముగా ప్రక్క వింగునుండి గబగబ నడచివచ్చి, నిలిచి, పాడ నారంభించును.

తొలి పాట తప్పినచో

ప్రవేశమునకుగల ఈ శక్తిని అమెరికావారు 1962లో మరియొక విధమున తెలిసికొనిరి. ప్రాచీన రోమను ప్రహసనకర్త ప్లాటస్ నాటకముల ఆధారముగా అల్లిన 'ఏ ఫన్నీ థింగ్ హ్యాపెన్డ్ ఆన్ ది వే టు ది ఫోరమ్' అను హాస్య సంగీత నాటకము, న్యూయార్కునకు పోకమునుపు వాషింగ్టనులో ప్రయోగార్థము ఆడగా, ప్రేక్షకులు నవ్వలేదు. కథ సరియైనదే, నటులు సమర్థులే. సలహాకై పిలువబడిన నృత్యదర్శకుడు జెరోమ్ రాబిన్స్ దోషమును తొలి పాటలో చూపెను: ప్రేమనుగూర్చిన సుకుమారమైన పాటతో తెర లేచుటచే ప్రేక్షకులు సుకుమారమైన కథ కొరకు సిద్ధపడి కూర్చుండిరి, పిమ్మట వచ్చిన కోతిచేష్టలకు వారి మనస్సు సిద్ధముగా లేదు. స్టీఫెన్ సాండ్‌హైమ్ క్రొత్త తొలి పాట వ్రాసెను. ఈ రాత్రి మీరు చూడబోవునది నవ్వులాట సుమా యని అది నేరుగా చాటెను. రాబిన్స్ దానిని చిన్న చిన్న చేష్టలతో నింపి రంగముపై నిలిపెను. నాటకము 964 ప్రదర్శనలు నడచి, ఉత్తమ సంగీత నాటకముగా టోనీ బహుమానము పొందెను. మన నాంది ప్రస్తావనలు ఈ పనికే పుట్టినవన్న సంగతి మరచి, వానిని కేవలము దేవతాప్రార్థనగా త్వరత్వరగా ముగించి కథలో పడుచున్నాము.

1943లో వచ్చిన 'ఓక్లహోమా!' చెప్పు పాఠము వేరు. ఆ కాలపు ఆచారము ప్రకారము తెర లేవగనే నర్తకీబృందము కనబడవలెను. ఆ నాటకమున కనబడినది వెన్న చిలుకుచు ఒంటరిగా కూర్చున్న ఒక ముసలమ్మ. నాయకుని గొంతు రంగము వెలుపలినుండి ముందుగా వినబడి, పిదప మనిషి కనబడెను. ఆ నిశ్శబ్దముచే ప్రేక్షకులు చెవులు రిక్కించుకొని కూర్చుండిరి. మొదటి భాగమున పొదుపు చేసిన ఈ బలమును వారు చివరలో వ్యయపరచిరి: ప్రయోగ ప్రదర్శనల దశలో, ఒక్క గాయకుని పాటగా నున్న శీర్షికగీతమును బృందగానముగా మార్చి, నటులందరిని ఒక్కటిగా ప్రేక్షకులమీదికి నడిపించిరి. ఒంటరి గొంతుతో మొదలై సమూహకంఠముతో ముగియు ఈ క్రమము మన పద్య నాటకమునకు దాదాపు అపరిచితము. మన నాటకమున సభాసదులు, సైనికులు, పౌరులు మాట లేక పాట లేక నిలుచువారే. వారిలో పదిమందికి ఒక పల్లవి ఇచ్చి చూచినచో నాయకుని గొంతుకు విశ్రాంతియు, కథకు జనబలమును లభించును.

తెరల విద్య, దాని హద్దు

రంగయంత్రాంగమున మనకు గురుస్థానము సురభివారిది. 1885లో కడప జిల్లా సురభి గ్రామమున కీచకవధతో వనారస గోవిందరావు ప్రారంభించిన ఆ కుటుంబ నాటకశాల, చిత్రించిన తెరలను త్రాళ్లతో పైకి చుట్టి, కన్ను మూసి తెరచునంతలో అరణ్యమును అంతఃపురము చేయును. నారదుని మేఘములలో దింపును. ఇరువైపుల విడిచిన బాణములను గాలిలో ఢీకొనజేయును. ఇందు మాయలకన్న విలువైన పాఠమొకటి కలదు: దృశ్యము మారుచున్నను కథ ఆగదు. పార్సీ కంపెనీల నాటినుండి వచ్చిన ఉపాయమేమనగా, వీథి తెర నొకదానిని ముందు వదలి దానియెదుట ఒక చిన్న ఘట్టము నడుపుచుండగా వెనుక రాజసభ సిద్ధమగుచుండును. నేటి క్రొత్త నాటకములలో ప్రతి దృశ్యము చివరను దీపములార్పి, చీకటిలో బల్లలు లాగుకొనుచు, ఆ చప్పుడు వినబడకుండ ఏదో ట్రాకు పెట్టి ప్రేక్షకులను కూర్చుండబెట్టుచున్నారు. రెండు గంటల నాటకమున ఇట్టి చీకట్లు పది వచ్చినచో, పాటలు కూడగట్టిన రసమెల్ల ఆ చీకటిలో కారిపోవును. భరతుని అంతరధ్రువకు ఇదియే చోటు. దృశ్యము మారు సమయమును ఒక బాటసారికో, సూత్రధారునకో, బృందమునకో అప్పగించి రెండు చరణములు పాడింపవచ్చును.

ఐతే తెరలును పాటను మ్రింగివేయరాదు. పద్యము సాగుచున్నప్పుడు ఎరుపు, పచ్చ ఫోకసులను మార్చి మార్చి త్రిప్పుట మన రంగస్థలముల పాత జాడ్యము. రాగమునకు రంగులు తోడుకావలసిన పనిలేదు, నటుని కన్నులు కనబడిన చాలును. 1990లలో రంగస్థల దర్శకుడు బి.వి. కారంత్ సురభి కళాకారులతో పనిచేసి, జర్మను నాటకకర్త బ్రెహ్టు నాటకమునకు అనుసరణమైన 'బస్తీ దేవత యాదమ్మ'ను వారిచేత ఆడించుట, పౌరాణికములకు అలవాటుపడిన కుటుంబము క్రొత్త కథను సైతము మోయగలదని నిరూపించినది. క్రొత్తదనమునకు పాత విద్యను పారవేయ నక్కరలేదు. దానికి క్రొత్త పని చూపవలెను.

వాద్యములు, చప్పట్లు

వాద్యగాండ్రను ఎక్కడ కూర్చుండబెట్టవలెనన్నది చిన్న ప్రశ్న కాదు. 1876లో బైరాయిట్ నాటకశాల తెరచిన జర్మను సంగీతకర్త వాగ్నర్ వాద్యబృందమును రంగము క్రిందికి దింపి ప్రేక్షకుల కంటబడకుండ దాచెను. అచ్చట గానము లిఖిత స్వరానుసారి గనుక అది చెల్లినది. మన నటుడు రాగమును ఆ పూట గొంతును బట్టి, సభను బట్టి పెంచును, కుదించును. హార్మోనిస్టు అతని పెదవులు చూచుచుండవలెను. కావున దాచుట మనకు తగదు. ప్రక్కన, కొంచెము పల్లమున, నటునివైపు తిరిగి, ప్రేక్షకుల దృష్టికి అడ్డురాకుండ కూర్చుండుట మేలు. నటుడు మాత్రము పద్యమునకు ముందు వాద్యమువంక చూడరాదు. శ్రుతిని మాటల క్రిందుగానే మెల్లగా అందించినచో ఆ ఓరచూపు అవసరముండదు.

రాగమెంత సాగవలెనన్న వివాదము పాతది. బళ్లారి రాఘవ అర్థమును ముంచు రాగమును సహింపక భావప్రధానమైన నటనను పట్టుకొనెను. స్థానం నరసింహారావు శ్రీకృష్ణ తులాభారమున సత్యభామగా ఒక ప్రఖ్యాత గీతమును పాడుచు, మరల మరల వచ్చిన మాటను ప్రతిమారును వేరొక భావముతో అభినయించి సభలను వశపరచుకొనెను. ఇద్దరి మార్గములు వేరైనను నీతి ఒక్కటే: మరల పాడుటకు మరల చెప్పవలసిన దేదియైన ఉండవలెను. అది లేని చోట ఎంత గట్టి కేక వచ్చినను నాటకము ముందుకే నడువవలెను.

క్రొత్త సంగీత నాటకమును తలపెట్టిన సమాజములకు ఒక మనవి. పాటలకు వెచ్చించిన దినములలో సగమైనను నిలుకడలకును, తెరలకును, దీపములకును వెచ్చింపుడు. పోటీకిగాని పెద్ద సభకుగాని పోవుటకు ముందు వంద మంది యెదుట ఒకమారు ఆడి, దర్శకుడు వెనుక వరుసలో కూర్చుండి నటులను గాక ప్రేక్షకులను చూడవలెను. దిద్దుబాటు క్రమము ఇది: మొదట ప్రవేశము, పిదప ఏ పాట ఎవరితో పాడబడుచున్నదన్నది, పిదప దృశ్యముల నడుమ చీకట్లు, ఇవి మూడును సరియైన పిమ్మటనే పాటలను కొట్టివేయుటయో మార్చుటయో. ఇక ప్రేక్షకులకు: చప్పట్లు కొట్టుటకు ఘట్టము ముగియువరకు ఆగుడు. పద్యము ఎదుటివానికి చేరిన తరువాతనే అది మనకును చేరును.