కొత్త పాట పక్క వాడలోనే ఉంది

ముప్పై దాటాక విన్న పాటేదీ మనసుకు ఎక్కదని చాలామంది నమ్ముతారు. ఘంటసాల దగ్గర ఆగిన తరం ఒకటి, ఇళయరాజా దగ్గర ఆగిన తరం మరొకటి. ఈ నమ్మకంలో నిజం లేకపోలేదు. పడుచు వయసులో విన్న పాటను ఆనాటి జ్ఞాపకాలు వదిలిపెట్టవు. రెండున్నర లక్షల మందికి పైగా ఇచ్చిన జవాబులను పరిశీలించిన 2013 నాటి అధ్యయనమొకటి, వయసుతో పాటు సంగీతానికి మనమిచ్చే ప్రాధాన్యం తగ్గుతుందనే తేల్చింది. అయితే తగ్గేది కొత్తను ఇష్టపడే శక్తి కాదనీ, కొత్తది చెవిన పడే సందర్భాలేననీ నా వాదన. అదే ఏడాది అమెరికాలో క్రుమ్‌హాన్సల్, జుప్నిక్ అనే పరిశోధకులు ఇరవై ఏళ్ల కుర్రకారుకు పాత పాటలు వినిపించారు. తమ తల్లిదండ్రుల యవ్వనంలో వచ్చిన పాటలతోనూ వాళ్లకు గట్టి అనుబంధం ఉన్నట్టు తేలింది. ఇంట్లో మోగుతూ ఉన్న పాట, తమ కాలానిది కాకపోయినా, తమదైపోయింది. పదేపదే ఎదురైన దానిపై ఇష్టం పెరుగుతుందని 1968లోనే జాయన్స్ అనే మనస్తత్వవేత్త చూపించాడు. పెద్దవాళ్లకు దొరకనిది ఆ రెండోసారి, మూడోసారి వినడమే. చేతిలో ఫోనుంది కదా అంటారేమో. నిన్న విన్నదాన్ని బట్టే అది ఇవాళ్టి పాటను ముందుకు తోస్తుంది.

తెలంగాణలోని మా జనగామ ప్రాంతంలో కొత్త పాట చెవిన పడకపోవడానికి మరో కారణం ఉంది, దాన్ని దాచకుండా చెప్పుకోవాలి. ఇక్కడ సంగీతం కులాల వారీగా, వాడల వారీగా విడిపోయింది. డోలు మోతతో మాటా పాటా కలిపి చెప్పే ఒగ్గు కథ ప్రధానంగా కురుమ, గొల్లల కొలుపుల్లో బతికింది. వేషాలు కట్టి ఆడే చిందు యక్షగానం మాదిగలను ఆశ్రయించుకుని నిలిచింది. ఒకే ఊళ్లో అరవై ఏళ్లు బతికినా, ఒగ్గు కథకులు చెప్పే బీరప్ప కథను మొదటి నుంచి చివరి దాకా కూర్చుని వినని వాళ్లుంటారు. మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్య ఒగ్గు కథను రేడియోకూ, సభా వేదికలకూ తీసుకెళ్లాకే అది ఎన్నో ఇళ్లకు తొలిసారి చేరింది. 2017లో ఆయన కన్నుమూసేనాటికి ఆ కళకు రాష్ట్రమంతటా శ్రోతలున్నారు. చిందుకూ తన వాడ దాటిన గుర్తింపు దక్కింది: దేవరుప్పుల మండలానికి చెందిన చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది.

ఇవి పాత కళలు కదా, కొత్త సంగీతం ఎలా అవుతాయని అడగవచ్చు. పాట పుట్టిన ఏడాదిని బట్టి కొత్తదనాన్ని లెక్కగట్టేది వ్యాపారం. వినేవాడికి మాత్రం తాను ఎన్నడూ విననిదే కొత్త. పైగా ఈ కొత్తదనం నడివయసుకు బాగా నప్పుతుంది. ఒగ్గు కథకుడు మాటలోంచి పాటలోకి జారడం, డోలు నెమ్మదించి మళ్లీ ఉరకడం, వంతపాటవాడు మధ్యలో అడ్డుతగిలి కథను మలుపు తిప్పడం అయిదు నిమిషాల వీడియోలో అందవు. వాటికి గంటల తీరిక కావాలి, పెళ్లిళ్లు, చావులు, పంపకాలు చూసిన అనుభవం కావాలి. ఇరవై ఏళ్ల శ్రోతకు సాగదీతగా తోచే చోటే యాభై ఏళ్ల శ్రోత ఆగి వింటాడు. ప్రభుత్వ ఉత్సవాల్లో ఈ బృందాలకు మంత్రి వచ్చేలోపు పది నిమిషాలిచ్చి సరిపెడుతున్నారు. ఊరందరినీ పిలిచి, రాత్రంతా కథ చెప్పించే ఏర్పాటు మండలానికొకటైనా కావాలి.