ఉప్పుమడి చెప్పు పాఠము

ఇసుక కలిసిన నీటిని గుడ్డతో వడకట్టినచో ఇసుక గుడ్డమీద నిలుచును. ఉప్పు కరిగిన నీటిని ఎన్నిమాఱులు వడకట్టినను ఉప్పు నిలువదు. కరిగిన పదార్థపు కణములు మిక్కిలి సూక్ష్మములగుటయే ఇందులకు కారణము. కావున ద్రావణమునుండి ఒక పదార్థమును వేఱుచేయుటకు వేఱొక గుణభేదమును ఆశ్రయింపవలెను.

దీనికి మంచి నిదర్శనము మన తీరముననే కలదు. గంజాం సీమలో అధికభాగము 1936 వఱకు మద్రాసు రాజధానిలోనుండి, ఆ యేట ఒరిస్సాలో చేరినది. నేటి ఒడిశాలోని హుమ్మా ప్రాంతమునను, దక్షిణమున శ్రీకాకుళం జిల్లా నౌపడా వద్దను ఉప్పుమళ్లు కలవు.

ఒక కిలోగ్రాము సముద్రజలమున సుమారు 35 గ్రాముల లవణములుండును. అందు మూడువంతులకుపైగా మనము తిను ఉప్పే. తక్కినవానిలో మెగ్నీషియము లవణములు, జిప్సము ముఖ్యములు. నీటినంతయు ఇగిర్చినచో ఇవియన్నియు కలిసియే మిగులును. అట్టి ఉప్పు చేదుగానుండును. గాలిలోని తేమను పీల్చి చెమ్మగిలును.

అయితే ఈ లవణములన్నియు ఒక్కమాఱుగా బయటపడవు. నీరు ఇంచుమించు అయిదవ వంతునకు తగ్గునప్పటికి జిప్సము పేరుకొనును. పదియవ వంతునకు తగ్గిన పిదప ఉప్పు పండనారంభించును. మెగ్నీషియము లవణములు కడపటివఱకు నీటియందే నిలిచియుండును. అందుచేతనే నీటిని మడినుండి మడికి మార్చుచు, మొదట జిప్సమును వెనుకమళ్లలో దిగవిడిచి, సాంద్రత బామే మానమున 25 డిగ్రీలు దాటిన పిమ్మట ఉప్పును పండనిత్తురు. అది 30 డిగ్రీలను చేరులోపుననే మిగిలిన చేదునీటిని విడిచిపెట్టుదురు. తొందరపడినచో ఉప్పు నీటిపాలగును. ఆలస్యమైనచో పంటయే చెడును.

ఉప్పునకు ఇగిర్చుటయే ఏల? వేడినీటిని చల్లార్చినచో చాలదా? 100 గ్రాముల నీటిలో 0 డిగ్రీల సెంటిగ్రేడువద్ద సుమారు 36 గ్రాముల ఉప్పు కరుగును. 100 డిగ్రీలవద్దను 39 గ్రాములే కరుగును. కావున చల్లార్చుటవలన లభించునది స్వల్పము. సురేకారము అట్లుగాదు. అది 20 డిగ్రీలవద్ద సుమారు 32 గ్రాములు, 100 డిగ్రీలవద్ద సుమారు 246 గ్రాములు కరుగును. దాని వేడి ద్రావణము చల్లారినంతనే స్ఫటికములు రాలును. మనకు కావలసినది నీరే యైనచో, ఆవిరిని వేఱొక పాత్రలోనికి మరల్చి చల్లబఱచి, బట్టీపట్టవలెను.

వడకట్టుట, ఇగిర్చుట, పేరుకొనుట, బట్టీపట్టుట అనునవి మన ఇండ్లలోను పనిపాటలలోను పుట్టిన మాటలు. వడపోత, బాష్పీభవనము, స్ఫటికీకరణము, స్వేదనము అని వీనినే పాఠ్యపుస్తకములు చెప్పును. పొరుగు రాష్ట్రములలోని మన బిడ్డలకు ఇంటిమాట మఱపునకు వచ్చినచో పుస్తకపుమాట వట్టి శబ్దమై కంఠస్థమగును, పని మాత్రము కంటికి కట్టదు. కనుక ముందు ఇంటిమాటతో పనిని చూపి, పిదప శాస్త్రనామమును నేర్పుట మేలు. అప్పుడు భాషయు నిలుచును, శాస్త్రమును అబ్బును.