ఆపరేషన్లు ఎన్ని అని కాదు, ఎప్పుడు అని అడగండి

వేంపల్లెలో మా జేజి ఆరు కాన్పులయ్యాక ఆపరేషన్ చేయించుకుంది. మా అమ్మ రెండో కాన్పుకే. రికార్డులో ఇద్దరివీ ఒక్కో ఆపరేషనే! జనాభా లెక్కలో మాత్రం రెండూ ఒకటి కావు. జేజికి అప్పటికే నలభై దగ్గర పడ్డాయి, ఆపరేషన్ లేకున్నా ఇంకో బిడ్డ పుట్టేదో లేదో. అమ్మకు ఇరవైమూడే. కాన్పులు నిజంగా ఆగింది అక్కడ.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 1992-93లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో మహిళకు సగటున 2.6 మంది పిల్లలు. 2019-21కి మన రాష్ట్రంలో అది 1.7. ఇదంతా ఆపరేషన్ల పుణ్యమే అనలేం. పుట్టిన బిడ్డ బతుకుతుందన్న ధీమా, ఆడపిల్లల చదువు, పెంపకం ఖర్చు కూడా కలిశాయి. దేని వాటా ఎంతో విడదీయడమే అసలు కష్టం.

నాకు గుచ్చుకున్న అంకె వేరే ఉంది. 2019-21 సర్వేలో పెళ్లయిన మహిళల్లో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్ల వేసెక్టమీ అర శాతం కూడా లేదు. నిజానికి అదే చిన్న ఆపరేషన్!

ఇప్పుడు గాలి మారింది. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదన్న నిబంధనను 2024లో ఎత్తేశారు. ఇంకా కనండి అంటున్నారు నాయకులు. పాతికేళ్లకే ఆపరేషన్ అయిపోయినవాళ్లతో ఆ మాట ఎలా చెప్తారో మరి!