అమీగా కంప్యూటర్: మేధోసంపత్తి హక్కుల వివాదం

భారత కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామును 'సాహిత్య కృతి'గా నిర్వచిస్తుంది. అమెరికా చట్టం దృష్టీ ఇదే. అయితే ఒక కంప్యూటర్ వ్యవస్థకు కాపీరైట్‌తో పాటు పేరుపై ట్రేడ్‌మార్క్, సాంకేతిక ఆవిష్కరణలపై పేటెంట్ అనే వేర్వేరు హక్కులు ఉంటాయి. ఇవన్నీ ఒకే సంస్థ చేతిలో ఉన్నంతకాలం వీటి మధ్య భేదం కనిపించదు. సంస్థ కూలినప్పుడే అది బయటపడుతుంది. అమీగా చరిత్ర ఇందుకు నిదర్శనం.

కమోడోర్ సంస్థ 1985లో అమీగాను ఆవిష్కరించి, 1994లో మూతపడింది. మరుసటి ఏడాది దాని ఆస్తులను కొన్న జర్మన్ సంస్థ ఎస్కామ్ 1996లో దివాలా తీసింది. 1997లో అవి అమెరికా సంస్థ గేట్‌వే చేతికి వచ్చాయి. గేట్‌వే 1999 చివర ట్రేడ్‌మార్క్‌ను ఒక చిన్న సంస్థకు అప్పగించి, పేటెంట్లను తనవద్దే ఉంచుకుంది. ఆ చిన్న సంస్థే అమీగా ఇన్‌కార్పొరేటెడ్‌గా పేరు మార్చుకుంది. హక్కులు విడిపోవడం ఇక్కడే మొదలైంది.

ఆపరేటింగ్ సిస్టమ్ నాలుగవ రూపాన్ని తయారుచేయడానికి 2001లో బెల్జియం సంస్థ హైపీరియన్‌తో ఒప్పందం కుదిరింది. 25,000 డాలర్లు చెల్లించి ఆ కొత్త రూపాన్ని అమీగా ఇన్‌కార్పొరేటెడ్ స్వాధీనం చేసుకోవచ్చన్నది అందులో ఒక నిబంధన. ఒప్పందం అమలుపై వివాదం 2007లో అమెరికా న్యాయస్థానానికి చేరి, 2009లో రాజీతో ముగిసింది. పాత 3.1 రూపం ఆధారంగా నాలుగవ రూపాన్నీ, తదుపరి రూపాలనూ అభివృద్ధి చేసే శాశ్వత హక్కు హైపీరియన్‌కు దక్కింది.

అయితే ఆ హక్కు కొత్త రూపాలకే పరిమితమా? పాత రూపాన్నే సవరించి అమ్మడానికీ వర్తిస్తుందా? కమోడోర్ కాలపు ప్రోగ్రాముల కాపీరైట్లను సంపాదించిన క్లోఆంటో సంస్థకూ హైపీరియన్‌కూ మధ్య వ్యాజ్యం ఈ ప్రశ్న చుట్టూనే నడిచింది. 2018లో హైపీరియన్ 3.1.4 రూపాన్ని విడుదల చేయడంతో విభేదం మరింత ముదిరింది.

ఈ వివాదాల భారం చివరకు వినియోగదారులపైనా, పాత ప్రోగ్రాములను భద్రపరిచేవారిపైనా పడుతుంది. అమీగాను అనుకరించే ఎమ్యులేటర్లకు కిక్‌స్టార్ట్ అనే మూల ప్రోగ్రాము అవసరం. దానిని స్వేచ్ఛగా పంచడానికి కాపీరైట్ అడ్డు. అమెరికా చట్టం ప్రకారం 1985లో సంస్థ పేర వెలువడిన కృతికి 2080 చివరివరకు రక్షణ ఉంటుంది. అంతకాలం ఫ్లాపీలు నిలవవు.

కాపీరైట్ భావాన్ని కాక వ్యక్తీకరణను మాత్రమే రక్షిస్తుంది. ఈ వెసులుబాటు ఆధారంగానే 1995లో ఆరోస్ అనే స్వేచ్ఛా ప్రాజెక్టు మొదలైంది. అందులో ఔత్సాహికులు అమీగా పనితీరును గమనించి, అదే పని చేసే ప్రోగ్రాములను తమ సొంత కోడ్‌తో తిరిగి రాస్తున్నారు.