అచ్చు తప్పిన నాణెం

చిల్లర డబ్బాలోంచి ఒక రూపాయి బిళ్ల తీయండి. మూడు సింహాల బొమ్మ నిటారుగా కనిపించేలా పట్టుకుని, పుస్తకంలో పేజీ తిప్పినట్టు పక్కకు తిప్పండి. బొరుసు కూడా నిటారుగానే ఉండాలి. మన నాణేలు ఈ లెక్కలోనే తయారవుతాయి. అంకె బాగా పక్కకు ఒరిగినా, తలకిందులుగా కనిపించినా టంకశాలలో అచ్చు బిగింపు వదులై తిరిగిపోయిందన్నమాట. సేకర్తలు వెతికే తప్పుల్లో అందరికీ తేలిగ్గా దొరికేది ఇదే.

నాణెం పుట్టుక తెలిస్తే మిగతావి పట్టుకోవడం కష్టం కాదు. లోహపు రేకులోంచి గుండ్రటి బిళ్లలు కోస్తారు. ఒక్కో బిళ్లనూ కాలర్ అనే ఉక్కు కట్టు మధ్య నిలిపి, పైనా కిందా అచ్చులతో బలంగా నొక్కుతారు. బిళ్ల సరిగ్గా నడుమ కూర్చోకపోతే బొమ్మ ఓ పక్కకు జరిగి, రెండో పక్క నెలవంకలా ఖాళీ మిగులుతుంది. కాలర్ అడ్డు లేకపోతే బిళ్ల వెడల్పుగా పరుచుకుంటుంది. అచ్చు పగిలితే ఆ పగులు నాణెం మీద ఉబ్బెత్తు గీతగా పడుతుంది. గీత లోపలికి గుంటగా ఉంటే మాత్రం అది జేబులో తాళంచెవి గీసిందే కావచ్చు!

సేకర్తలు మోజుపడేది ‘లఖీ’ని. కొట్టిన నాణెం బయటికి రాకుండా అచ్చుకే అంటుకుపోతుంది. తర్వాతి బిళ్ల మీద అచ్చుకు బదులు ఆ నాణెమే దిగబడుతుంది. దాంతో ఒకవైపు మామూలు బొమ్మ, రెండోవైపు అదే బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడి, గుంటగా పడుతుంది.

అంచు కొరికినట్టున్న నాణేలతోనే అసలు చిక్కు. రేకు సరిగ్గా ముందుకు జరగకపోతే కత్తెర పాత రంధ్రం మీద పడి, బిళ్ల ఓ ముక్క తక్కువతో వస్తుంది. ఆకురాయితో రాసినా పైకి అలాగే కనిపిస్తుంది. తేడా చెప్పేది ఎదుటి అంచు. కొరత ఉన్న బిళ్లకు అంచు కట్టేటప్పుడు ఎదురుగా ఒత్తిడి సరిగా అందదు, అందుకే అక్కడి గట్టు చాలాసార్లు పలచబడి ఉంటుంది. ఎదుటి గట్టు నిండుగా ఉంటే అనుమానించాల్సిందే. యంత్రం ఏ దశలో ఆ పని చేయగలదో చెప్పలేకపోతే అది టంకశాల తప్పు కాదు, బయట తగిలిన దెబ్బ. బొమ్మా బొమ్మా ఉన్న నాణేలు కూడా ఎక్కువగా రెండింటిని కోసి అతికించినవే.

తప్పు కానివాటిని తప్పనుకోవడం మరో ముచ్చట. సంవత్సరం కింద చుక్క ఉంటే నోయిడా, వజ్రం గుర్తు ఉంటే ముంబయి, నక్షత్రం ఉంటే హైదరాబాద్. కోల్‌కతా నాణేలకు ఏ గుర్తూ ఉండదు, కాబట్టి ‘గుర్తు లేని అరుదైన నాణెం’ అన్న మాట నమ్మక్కర్లేదు. పది రూపాయల బిళ్ల మీద కొన్నిటికి పదిహేను గీతలు, కొన్నిటికి పది గీతలు ఉన్నాయని మన అంగళ్లలో తీసుకోని రోజులున్నాయి. పద్నాలుగు డిజైన్లూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో ప్రకటించాల్సి వచ్చింది. 2012 నాటి వైష్ణోదేవి నాణెం లక్షలు పలుకుతుందన్న ప్రచారమూ అంతే. అందులో తప్పేమీ లేదు, అది స్మారక నాణెం.

నిజంగానే తేడా నాణెం దొరికితే చింతపండుతో తోమకండి. మెరుగు పెడితే సేకర్తల దగ్గర విలువ పడిపోతుంది. కాగితం కవరులో దాచి, నాణేల ప్రదర్శనలో ఒకరిద్దరు అనుభవజ్ఞులకు చూపించండి. పాత నోట్లు, నాణేలు కొంటామంటూ తమ పేరు, లోగో వాడుకుని కొందరు ఫీజులు, కమీషన్లు అడుగుతున్నారని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో హెచ్చరించింది. అలాంటి వ్యాపారంలో తమకు ప్రమేయం లేదని కూడా చెప్పింది. మీ నాణెం కొంటామంటూ ముందుగా మిమ్మల్నే డబ్బు కట్టమంటే ఫోను పెట్టేయండి.